ఆ సినిమాల వెనక ఆవిడ

2004 చలికాలం. కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ అనే ఊరు. ఇన్స్యూరెన్స్ కంపెనీలకు పుట్టినిల్లు అది. డాట్ కామ్‌లు మునిగిపోయాక చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయిన మనవాళ్ళలో చాలామందికి అన్నం పెట్టిన ఊళ్ళలో ఒకటి. ఎమ్మెస్ పూర్తి చేసి, ఏడాదిపాటు ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, చివరికి నేనూ అక్కడే తేలాను. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో నలుగురం కన్సల్టెంట్లం. నలుగురికీ కలిపి ఒక కారు, ఒక ప్రెషర్ కుక్కరు. శనివారం పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి ఊరికే ఇచ్చే డీవీడీలు తెచ్చుకోవడం మాకున్న వినోదం.

అలా తెచ్చిన వాటిలో ఒక డీవీడీ అట్ట వెనక మా ఊరి పేరు కనబడింది. సినిమా పేరు 'ఫార్ ఫ్రమ్ హెవెన్'. 1957లో హార్ట్‌ఫర్డ్‌లో జరిగే కథ. "మన ఊరి కథటరా, చూద్దాం" అన్నాను. ఎర్రగా పండిన ఆకులు, అందమైన ఇల్లు, గౌను వేసుకున్న ఇల్లాలు, ఇద్దరు పిల్లలు. "నాగేశ్వరరావు పాత సినిమాలా ఉంది" అన్నాడు మాలో ఒకడు. కాసేపటికి, ఆఫీసులో పొద్దుపోయేదాకా పని చేస్తున్న భర్త కోసం ఆ ఇల్లాలు భోజనం పట్టుకెళుతుంది. గది తలుపు తీస్తుంది. లోపల భర్త ఇంకొక మగవాణ్ణి ముద్దు పెట్టుకుంటూ ఉంటాడు.

మా గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఒకడు ఛీ అన్నాడు. ఒకడు పగలబడి నవ్వాడు. నేనొక జోకు వేశాను. ఆ జోకు ఏమిటో నాకిప్పటికీ గుర్తుంది గానీ ఇక్కడ రాయను. కుక్కరు మూడో విజిల్ వేసింది. పప్పుకి తాలింపు పెట్టాలని నేను లేచాను, నా వెనకే ఇద్దరూ లేచారు. నాలుగోవాడు మాత్రం సోఫాలోంచి కదల్లేదు. అన్నానికి పిలిస్తే, "మీరు తినండిరా, అయిపోవచ్చింది" అన్నాడు. నేను కంచం పట్టుకుని వచ్చేసరికి తెర మీద పేర్లు పడుతున్నాయి. నిర్మాతల్లో ఒక ఆడమనిషి పేరు: క్రిస్టీన్ వషాన్. "ఇలాంటి సినిమాలకి డబ్బెవరు పెడతారో!" అన్నాను. వాడు జవాబు చెప్పలేదు.

అడగడమైతే వెటకారంగానే అడిగాను. కానీ ప్రశ్న మాత్రం మంచిదే. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఆవిడ రాసిన రెండు పుస్తకాలూ, తీసిన సినిమాలూ వెతుక్కుంటూ పోయి తెలుసుకున్న జవాబే ఈ వ్యాసం.

నిర్మాత అంటే ఎవరు?

మనకి నిర్మాత అనగానే డబ్బు పెట్టేవాడు గుర్తొస్తాడు. ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టి సినిమా తీసినవాడో, సినిమా తీసి ఇల్లూ పొలమూ పోగొట్టుకున్నవాడో. అమెరికాలో స్వతంత్ర నిర్మాత దగ్గర తరచూ డబ్బే ఉండదు. ఒక దర్శకుణ్ణీ ఒక స్క్రిప్టునీ నమ్మి, నాలుగు చోట్ల నుంచి డబ్బు పోగుచేసి, షూటింగు పూర్తయి సినిమా థియేటర్‌కి చేరేదాకా కాపలా కాయడం ఆ మనిషి పని. మా భాషలో చెప్పాలంటే ప్రాజెక్ట్ మేనేజర్, అకౌంటెంటు, లాయరు, పెద్దక్క, నలుగురూ కలిసిన ఉద్యోగం.

డబ్బు పోగుచేసే పద్ధతి మాత్రం మనకి కొత్తది కాదు. తెలుగు సినిమా పూర్తికాక ముందే నైజాం ఒకరికి, సీడెడ్ ఒకరికి, ఆంధ్రా జిల్లాలు మరికొందరికి అమ్మి, ఆ అడ్వాన్సులతోనే షూటింగు లాగించిన నిర్మాతలు మనకి తరతరాలుగా ఉన్నారు. వషాన్ లాంటివాళ్ళు కూడా ఆ పనే చేస్తారు. కాకపోతే వాళ్ళ నైజాం ఫ్రాన్సు, వాళ్ళ సీడెడ్ జర్మనీ. విదేశీ హక్కులు ముందే అమ్మి, ఆ కాగితాలు చూపించి అప్పు తెచ్చి సినిమా మొదలు పెడతారు. పెద్ద స్టార్ లేడు, పాటలు లేవు, పైగా ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథ. అలాంటి సరుకుని ఆ బజారులో అమ్మడమే ఆవిడ జీవితమంతా చేసిన పని.

మాంద్యం ఫోటోగ్రాఫర్ కూతురు

క్రిస్టీన్ వషాన్ 1962లో న్యూయార్క్ నగరంలో, మన్‌హటన్‌లో పుట్టింది. తండ్రి జాన్ వషాన్ 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వ సంస్థ ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్‌లో కాగితాలు మోసే చిన్న ఉద్యోగిగా చేరి, అక్కడే కెమెరా పట్టుకోవడం నేర్చుకుని పేరు తెచ్చుకున్న ఫోటోగ్రాఫర్. చితికిపోయిన రైతుల్నీ, పని దొరకని కూలీల్నీ ఫోటోలు తీశాడు. మనుషుల్ని ఉన్నదున్నట్టు చూడాలి, అందంగా దిద్దకూడదు అన్న పట్టుదల ఆ ఇంట్లోంచే వచ్చిందేమోనని నాకు అనిపిస్తుంది.

బ్రౌన్ యూనివర్సిటీలో చదువుతున్నప్పుడు టాడ్ హేన్స్, బ్యారీ ఎల్స్‌వర్త్ పరిచయమయ్యారు. 1983లో పట్టా పుచ్చుకుని న్యూయార్క్ తిరిగొచ్చాక చిన్నాచితకా పనులు చేసింది. బిల్ షెర్‌వుడ్ అనే దర్శకుడు 1986లో తీసిన 'పార్టింగ్ గ్లాన్సెస్'కి ఎడిటింగ్‌లో సహాయకురాలిగా పని చేసింది. ఎయిడ్స్ వచ్చిన స్నేహితుడి చుట్టూ తిరిగే కథ అది. నాలుగేళ్ళకి, 1990లో, ఆ దర్శకుడే ఎయిడ్స్‌తో పోయాడు.

ఆ కాలం ఎలాంటిదో మనం కాస్త ఊహించుకోవాలి. మందు లేదు. తెలిసిన మనుషులు నెలకొకరు చొప్పున పోతున్నారు. రొనాల్డ్ రేగన్ ప్రభుత్వం ఆ జబ్బు గురించి పెదవి విప్పడానికే ఏళ్ళు పట్టింది. 1987లో న్యూయార్క్‌లో 'యాక్ట్ అప్' ఉద్యమం పుట్టింది. వషాన్ జీవిత సహచరి మార్లీన్ మెకార్టీ, ఆ ఉద్యమంలోంచి వచ్చిన 'గ్రాన్ ఫ్యూరీ' అనే చిత్రకారుల బృందంలో సభ్యురాలు. రేపు తీరిగ్గా తీద్దాంలే అనుకునే వ్యవధి ఎవరికీ లేని రోజులవి. అదే 1987లో వషాన్, హేన్స్, ఎల్స్‌వర్త్ కలిసి 'అపరేటస్' అనే చిన్న సంస్థ పెట్టి, కొత్తవాళ్ళ లఘుచిత్రాలకి సాయం చేయడం మొదలుపెట్టారు.

పాతిక వేల డాలర్ల గొడవ

ఆవిడ నిర్మించిన మొదటి పెద్ద సినిమా టాడ్ హేన్స్ దర్శకత్వంలో వచ్చిన 'పాయిజన్'. ఫ్రెంచి రచయిత జాన్ జెనే రచనల స్ఫూర్తితో అల్లిన మూడు కథలు. అందులో ఒకటి, ఒక శాస్త్రవేత్త తన మందు తానే తాగి ఒళ్ళంతా పుళ్ళుపడి, ఊరంతా వెలివేసే మనిషైపోయే కథ. ఎయిడ్స్ అన్న మాట ఎక్కడా లేకపోయినా అది దాని గురించేనని చూసినవాళ్ళందరికీ అర్థమైంది. ఖర్చు సుమారు రెండున్నర లక్షల డాలర్లు. అందులో పాతిక వేలు ప్రభుత్వ కళాసంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ ఇచ్చిన గ్రాంటు.

1991 జనవరిలో సండాన్స్ చిత్రోత్సవంలో ఈ సినిమాకి గ్రాండ్ జ్యూరీ బహుమతి వచ్చింది. వెంటనే డొనాల్డ్ వైల్డ్‌మన్ అనే పాస్టరు, ఆయన నడిపే అమెరికన్ ఫ్యామిలీ అసోసియేషన్, ప్రజలు కట్టిన పన్నులతో బూతు సినిమా తీశారని దేశమంతా గగ్గోలు పెట్టారు. కళాసంస్థ అధిపతి జాన్ ఫ్రోన్‌మేయర్ సినిమాని సమర్థించాడు. ఆ గొడవ దినపత్రికల కెక్కింది. ఫలితం? పోస్టర్లకి కూడా డబ్బుల్లేని సినిమా పేరు ఊరూరా తెలిసిపోయింది. టిక్కెట్లు బాగానే తెగాయి. నిషేధించండని అరిచినవాళ్ళే ఉచితంగా ప్రచారం చేసిపెట్టారన్నమాట. ఈ తమాషా మన దగ్గరా ఎన్నిసార్లు చూడలేదు!

ఆ మరుసటి ఏడు బి. రూబీ రిచ్ అనే విమర్శకురాలు ఈ తరహా సినిమాలన్నిటికీ కలిపి 'న్యూ క్వీర్ సినిమా' అని పేరు పెట్టింది. ఆ పేరు నిలిచిపోయింది.

మంచివాళ్ళుగా చూపించాలా?

వషాన్ అభిప్రాయాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇది. 1992లో ఆవిడ నిర్మాతగా టామ్ కేలిన్ 'స్వూన్' తీశాడు. 1924లో షికాగోలో లెపోల్డ్, లోబ్ అనే ఇద్దరు ధనవంతుల పిల్లలు పద్నాలుగేళ్ళ కుర్రాణ్ణి చంపిన నిజమైన కేసు అది. వాళ్ళిద్దరూ ప్రేమికులు. అంతకుముందు ఆ కేసు ఆధారంగా హిచ్‌కాక్ 'రోప్' (1948) తీశాడు, తరవాత 'కంపల్షన్' (1959) వచ్చింది. రెండూ ఆ ప్రేమ సంగతి దాటేశాయి. కేలిన్ దాటెయ్యలేదు. దాంతో విమర్శ ఇంటిలోంచే వచ్చింది. బయట మనల్ని అసహ్యించుకునేవాళ్ళు ఇంతమంది ఉండగా, మనవాళ్ళని హంతకులుగా చూపించే సినిమా మనమే తీయాలా? మంచి ఉద్యోగం, మంచి మనసు ఉన్న గే మనుషుల కథలు లేవా?

దానికి వషాన్ సమాధానం స్థూలంగా ఇది: మంచి నడవడికి సర్టిఫికెట్లు రాసివ్వడం సినిమా పని కాదు. తెర మీద మనిషి నిజంగా ఉండాలి. మనిషంటే అసూయ, పిరికితనం, క్రూరత్వం కూడా ఉంటాయి. అవి తీసేస్తే మిగిలేది మనిషి కాదు, పోస్టరు.

ఈ వాదన పరాయి దేశంలో బతికే మనకి అర్థం కావాలి. ఇక్కడి టీవీలో ఒక భారతీయుడు కనబడితే, వాడు కొట్టువాడా, డాక్టరా, యాస ఎలా ఉంది అని ముందు చూసుకుంటాం. తెలుగు మూలాలున్న కమెడియన్ హరి కొండబోలు 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' తీసింది ఈ గాయం మీదే. ఆ కోపం న్యాయమైనదే. అయితే అక్కడితో ఆగకుండా, మన గురించి ఎవరైనా నిజం రాస్తే కూడా పరువు పోయిందంటాం. ఇంట్లో కొట్టుకునే మొగుడూ పెళ్ళాల కథ రాస్తే, "అమెరికా తెలుగువాళ్ళందరూ ఇంతే అనుకోరూ?" అని మనమే ఫోన్ చేస్తాం. మనల్ని వెక్కిరించే బొమ్మ వేరు, మనలోని చీకటిని మనమే చూసుకోవడం వేరు. ఆ తేడా వషాన్ సినిమాలు చూశాకే నాకు తెలిసింది.

ఆకలిగా ఉన్న ప్రేక్షకులు

ఇక డబ్బు సంగతి. షికాగోలో రోజ్ ట్రోచీ, గినివేర్ టర్నర్ అనే ఇద్దరు అమ్మాయిలు స్నేహితుల్ని పోగుచేసి, 'గో ఫిష్' అని నలుపు తెలుపులో ఒక సరదా సినిమా మొదలుపెట్టారు. అమ్మాయిల మధ్య ప్రేమకథ. ఎవరూ చచ్చిపోరు, ఎవరూ పిచ్చివాళ్ళు కారు. డబ్బు మధ్యలో అయిపోయింది. వషాన్‌కి ఉత్తరం రాశారు. ఆవిడా కేలినూ చెయ్యందించి పూర్తి చేయించారు. 1994 సండాన్స్‌లో శామ్యూల్ గోల్డ్‌విన్ సంస్థ దాన్ని నాలుగున్నర లక్షల డాలర్లకి కొనుక్కుంది. థియేటర్లలో అది రెండు మిలియన్లకి పైగా వసూలు చేసింది.

ఎలా వచ్చాయి ఆ డబ్బులు? తమ బతుకు తెర మీద ఎన్నడూ చూసుకోనివాళ్ళు, ఎంత దూరమైనా వెళ్ళి చూశారు. ఫోటోగ్రఫీ మసకగా ఉన్నా, నటన అంతంతమాత్రంగా ఉన్నా పట్టించుకోలేదు. ఇది నాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు. మేం హార్ట్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు తెలుగు సినిమా ఆడుతోందంటే కారులో ఐదుగురం ఇరుక్కుని రెండు గంటలు ప్రయాణం చేసి, అద్దె థియేటర్‌లో పదకొండు గంటల ఆటకి వెళ్ళేవాళ్ళం. రీళ్ళ పెట్టె ఎక్కడో విమానాశ్రయంలో చిక్కుకుని ఆట ఆలస్యమైనా కదిలేవాళ్ళం కాదు. సినిమా ఎలా ఉంటేనేం, చీకట్లో మన భాష వినబడితే చాలు.

వషాన్ లెక్క ఈ ఆకలి మీద కట్టింది. ఖర్చు తక్కువలో ఉంచు. నీ మొదటి ప్రేక్షకులెవరో తెలుసుకో. వాళ్ళు వస్తే చాలు, పెట్టుబడి తిరిగి రావాలి. పైన వచ్చేదంతా అదృష్టం. డబ్బు తక్కువైతే పెట్టుబడిదారుడు కథ మార్చమని బెదిరించడానికి ఉండదు. ఆవిడకి స్వేచ్ఛ అలా దొరికింది. 1995లో పమేలా కోఫ్లర్‌తో కలిసి 'కిల్లర్ ఫిల్మ్స్' పెట్టింది.

ఈ లెక్కకి గడువు ఉందని కూడా ఆవిడే ముందుగా గుర్తించింది. టీవీలో గే పాత్రలు మామూలైపోయాక, ఆ విషయం ఉంది కాబట్టి వచ్చి చూసే ప్రేక్షకుడు తగ్గిపోయాడు. వాళ్ళకిప్పుడు మంచి సినిమా కావాలి. అందుకే తనని 'గే సినిమాల నిర్మాత' అంటే ఆవిడ పూర్తిగా ఒప్పుకోదు. తాను లెస్బియన్‌నన్న సంగతి ఎప్పుడూ దాచలేదు. కానీ 'హ్యాపీనెస్', 'వన్ అవర్ ఫోటో', 'స్టిల్ ఆలిస్' కూడా తన సినిమాలే. కథలో పట్టుంటేనే తీయాలి తప్ప, విషయం ఉంది కదా అని తీయకూడదన్నది ఆవిడ పద్ధతి. మనకీ అంతేగా. ఓటీటీలు వచ్చాక తెలుగు సినిమా కోసం రెండు గంటలు కారు నడిపేవాడేడీ?

మూడు వేల డాలర్ల ఆస్కార్

ఆవిడ పేరు సామాన్య ప్రేక్షకుడిదాకా తెచ్చింది 'బాయ్స్ డోంట్ క్రై' (1999). బ్రాండన్ టీనా ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికిన మనిషి. నెబ్రాస్కాలో 1993 డిసెంబరు 31న అతన్ని చంపేశారు. కింబర్లీ పియర్స్ విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ కథ పట్టుకుని ఏళ్ళ తరబడి వదల్లేదు. వషాన్ ఆ అమ్మాయిని వదల్లేదు. సుమారు రెండు మిలియన్లలో తీశారు. సెన్సారువాళ్ళు మొదట పిల్లలెవరూ చూడకూడని ఎన్‌సీ-17 ఇచ్చారు. దేని మీద అభ్యంతరం చెప్పారో, హత్య మీద ఎందుకు చెప్పలేదో పియర్స్ తరవాత ఒక డాక్యుమెంటరీలో వివరంగా చెప్పింది.

హిలరీ స్వాంక్‌కి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. ఆ పాత్రకి ఆవిడకి ముట్టింది మూడు వేల డాలర్లు. చేతిలో ఆస్కార్ ఉన్నా, ఆరోగ్య బీమాకి అర్హత వచ్చేంత సంపాదన లేకపోయిందని ఆవిడే చెప్పుకుంది. బీమా కంపెనీల ఊళ్ళో కూర్చుని ఇది చదివినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

కాలం మారింది. బ్రాండన్ పాత్ర అలాంటి నటుడికే ఇవ్వాల్సింది కదా అని నేటి యువత అడుగుతోంది. 2016లో ఒరెగన్‌లో ఒక కాలేజీకి వచ్చిన పియర్స్‌ని కొందరు విద్యార్థులు నిరసనలతో ఎదుర్కొన్నారు. 2024 ఆగస్టులో మరో సంగతి జరిగింది. టాడ్ హేన్స్ తీయబోయిన గే ప్రేమకథ నుంచి నటుడు వాకీన్ ఫీనిక్స్ షూటింగుకి కొద్ది రోజుల ముందు తప్పుకున్నాడు. సినిమా ఆగిపోయింది. గే కాని నటుణ్ణి పెట్టుకుంటే ఇలాగే అవుతుంది అని వేలెత్తి చూపకండని వషాన్ బహిరంగంగానే చెప్పింది. ఆ కథ ఆ నటుడే తెచ్చాడనీ, గే నటులతో, దర్శకులతో తమ సంస్థ చేసిన పని అందరికీ కనబడుతూనే ఉందనీ ఆవిడ జవాబు. నాకు మాత్రం ఇందులో రెండు వైపులా న్యాయం కనబడుతుంది. ఇన్నాళ్ళూ వేషం దొరకనివాడి కోపం నిజమే. నటన అంటేనే పరకాయ ప్రవేశమన్న మాటా నిజమే.

మళ్ళీ హార్ట్‌ఫర్డ్

మా కుక్కరు విజిల్ వల్ల నేను చూడకుండా వదిలేసిన సినిమా దగ్గరికి వస్తాను. 'ఫార్ ఫ్రమ్ హెవెన్' 2002లో వచ్చింది. పదమూడున్నర మిలియన్ల ఖర్చు, వషాన్ లెక్కల్లో పెద్ద మొత్తమే. హార్ట్‌ఫర్డ్ కథే గానీ చాలాభాగం తీసింది న్యూజెర్సీలో. 1950ల్లో డగ్లస్ సర్క్ తీసిన కన్నీటి కుటుంబ కథల పద్ధతిలో, అదే రంగులతో, అదే సంగీతంతో హేన్స్ తీశాడు. ఆ రోజుల్లో తెర మీద చెప్పనివ్వని రెండు సంగతులు మాత్రం చెప్పాడు. భర్త ఫ్రాంక్‌కి మగవాళ్ళంటే ఇష్టం. భార్య కేథీ మనసు విప్పి మాట్లాడుకోగలిగింది నల్లజాతి తోటమాలి రేమండ్‌తో ఒక్కడితోనే. భార్యగా వేసిన జూలియన్ మూర్‌కి వెనిస్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. సినిమాకి నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి.

ఫ్రాంక్ 'నయం' చేయించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళతాడు. అప్పట్లో అది జబ్బుల జాబితాలోనే ఉంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఆ జాబితాలోంచి తీసేసింది 1973లో. భార్య ఓపిక పడుతుంది. సర్దుకుపోతుంది. ఒకరోజు ఫ్రాంక్ కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తూ, నాకు ప్రేమంటే ఏమిటో ఇప్పుడు తెలిసిందంటాడు. అతని బాధ నిజం. అయితే కెమెరా అతని దగ్గరే ఉండిపోదు. అతను వెళ్ళిపోతాడు, ఇల్లూ పిల్లలూ ఊరి మాటలూ కేథీకి మిగులుతాయి. ఈ సినిమాలో చెడ్డవాళ్ళు లేరు. ఒక అబద్ధం మీద కట్టిన పెళ్ళిలో ఇద్దరూ ఎలా నలిగిపోతారో ఉంది. మంచివాళ్ళుగా చూపించాలన్న షరతుతో తీసుంటే ఈ కథ పుట్టేది కాదు.

ఈ సినిమా నేను పూర్తిగా చూసింది 2010లో. అప్పటికి ఆలస్యమైపోయింది. ఆ రోజు సోఫాలోంచి కదలని మా రూమ్మేటు, ఊరూ పేరూ చెప్పకపోతే రాసుకోరా అన్నాడు కాబట్టి రాస్తున్నాను. 2006లో వాడికి ఇంట్లో సంబంధాలు చూశారు. వాడు నెలల తరబడి వాయిదాలు వేస్తుంటే వాళ్ళమ్మగారు నాకు ఫోన్ చేసి ఏడ్చారు. నేను వాణ్ణి కూర్చోబెట్టి, "పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయిరా" అన్నాను. వాడు ఏదో చెప్పబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. పెళ్ళికి పంపే ఫోటో తీసింది నేనే. ఆ అమ్మాయి హెచ్-4 వీసా మీద వచ్చింది. ఉద్యోగం చేసే హక్కు లేదు, కారు లేదు, పలకరించే మనిషి లేదు. తనలోనే ఏదో లోపం ఉందనుకుంటూ రెండున్నరేళ్ళు ఆ అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర కూర్చుంది. 2009లో విడిపోయారు. అప్పుడు గానీ వాడు నాకు అసలు సంగతి చెప్పలేదు.

చిత్రమేమిటంటే, 2008 అక్టోబరులో కనెక్టికట్ సుప్రీం కోర్టు ఒకే లింగం వాళ్ళ పెళ్ళిళ్ళు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. నవంబరు నుంచి పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. అదే రాష్ట్రంలో, అదే నెలల్లో, వాడి ఇంట్లో ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా అన్నం తింటున్నారు. అంటే చట్టం ఒక్కటే సరిపోదన్నమాట. మన దేశంలోనూ 2009లో ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షన్ కోరలు పీకితే, 2013లో సుప్రీం కోర్టు వాటిని తిరిగి పెట్టింది. 2018 సెప్టెంబరు 6న తానే తీసేసింది. పెళ్ళి హక్కు మాత్రం 2023లో ఇవ్వలేదు.

మన సినిమాల్లో ఈ మనుషులు చాలాకాలం కామెడీ ట్రాకులోనే బతికారు. చేతులు తిప్పుతూ నడిచే పాత్ర, వెనక ఒక వింత సంగీతం, హాలంతా నవ్వు. నా జోకు అక్కడ నేర్చుకున్నదే. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన 'అ!' లో ఇద్దరమ్మాయిలు తమ ప్రేమ సంగతి అమ్మానాన్నలకి చెప్పే ఘట్టం ఉంది. నిర్మాతల్లో ఒకరు నటుడు నాని. అది చూసినప్పుడు నాకు మళ్ళీ నా పాత ప్రశ్నే గుర్తొచ్చింది. డబ్బెవరు పెడతారు? ఎవరో ఒకరు పెడితే తప్ప కథ బయటకి రాదు.

వషాన్ ఆ తరవాత 'కేరల్' (2015) తీసింది. ప్యాట్రీషియా హైస్మిత్ 1952లో మారుపేరుతో అచ్చువేయించుకున్న నవల అది. ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమకథ విషాదంతోనే ముగియాలన్న ఆనాటి ఆనవాయితీని కాదన్న పుస్తకం. సినిమాగా రావడానికి అరవై మూడేళ్ళు పట్టింది. ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి గానీ ఉత్తమ చిత్రం జాబితాలో చోటు దొరకలేదు. ముప్పై ఏళ్ళు పైబడిన వృత్తిలో నిర్మాతగా ఆవిడ పేరు ఆస్కార్ జాబితాలోకి ఎక్కింది 2024లో, 'పాస్ట్ లైవ్స్' సినిమాకి. అది కొరియా నుంచి వలస వచ్చిన ఒక అమ్మాయి కథ. రాకుండా అక్కడే ఉండిపోతే ఎలా ఉండేదో అన్న ఆలోచన చుట్టూ తిరుగుతుంది. అది చూసి మా ఇంట్లో అందరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఒకప్పుడు ఛీ అనిపించిన సినిమాలు తీసిన మనిషే నా కథ కూడా తీసింది.

కిందటేడు మా వాడు మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉంటున్నాడు, ఒంటరిగా లేడు. ఆ అమ్మాయి మళ్ళీ చదువుకుని ఉద్యోగంలో స్థిరపడిందనీ, అప్పుడప్పుడూ క్షేమ సమాచారాలు తెలుస్తుంటాయనీ చెప్పాడు. భోజనాలయ్యాక వషాన్ గురించి ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఆ రోజు ఆ సినిమా అయిపోయాక నీకు చెబుదామనుకున్నానురా" అన్నాడు. "నువ్వు కంచం పట్టుకొచ్చి, ఇలాంటి సినిమాలకి డబ్బెవరు పెడతారో అన్నావు."

నేనేమీ అనలేకపోయాను. కంచాలు తీసి సింకులో వేసి, ఈసారి వంటింట్లో ఉండిపోకుండా, తిరిగొచ్చి వాడి పక్కనే కూర్చున్నాను.